వెచ్చని ఫ్రిజ్

మాంసం తగ్గించమని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఫ్రిజ్‌ల మెకానిక్ ఇంట్లో భోజనాల వేళ సందడి తగ్గింది. అతను అలగలేదు, అలిగే సందు భార్య ఇవ్వలేదు. "డాక్టరు తగ్గించమన్నాడు, నేను మాన్పిస్తున్నాను," అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆమె వండిన పప్పుకూ కూరకూ వంక పెట్టడానికి లేదు. అయినా కంచం ముందు కూర్చుంటే అతని దవడలకు పని లేనట్టే ఉండేది.

"రుచి లోటు కాదే," అన్నాడు ఒకనాడు. "నమలడానికే ఏమీ ఉండటం లేదు. అన్నీ వాటంతటవే గొంతులోకి జారిపోతున్నాయి."

పక్కన కూర్చున్న బావమరిది ఆ మాట పట్టుకున్నాడు. అతను దర్జీ. కొట్టు పక్క వీధిలోనే కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్క దగ్గరే. మర్నాడు సంచిలో సోయా గింజలూ, చిన్న పొట్లంలో ఏదో పొడీ పట్టుకొచ్చాడు.

"టెంపే చేద్దాం బావా! ఉడికిన గింజలకు ఈ పొడి కలిపి వెచ్చగా ఉంచితే, తెల్లటి బూజు అల్లుకుని దిమ్మలా గట్టిపడుతుంది. ముక్కలు కోసి వేయించుకోవడమే. కావలసినంత నములు."

"బూజు పట్టింది తినాలా? అది పట్టకుండా చూడటమే కదయ్యా నా బతుకుతెరువు!"

"పాలకు తోడు పెట్టి పెరుగు చేసుకోవడం లేదూ? ఇదీ అలాంటిదే. కాకపోతే వెచ్చటి చోటు కావాలి. ఈ చలికాలంలో ఈ ఇంట్లో అది కుదిరేట్టు లేదు."

కుదరదన్న మాట మెకానిక్‌కు గుచ్చుకుంది. షాపు వెనక కంప్రెసర్ పోయిన చిన్న ఫ్రిజ్ ఒకటి మూలుగుతోంది. దాన్ని ఇంటికి చేర్చి, కడిగి, లోపల ఒక బల్బు బిగించాడు. "ఇన్నేళ్లూ చల్లబరిచాను. వెచ్చబరచడం ఓ లెక్కా?" అన్నాడు.

అక్కాతమ్ముళ్లు నానిన గింజల పొట్టు తీసి, ఉడికించి, గుడ్డ మీద తడి ఆరనిచ్చి, కాస్త వెనిగరూ ఆ పొడీ కలిపారు. చిల్లులు పొడిచిన కవర్లలో పలచగా సర్దారు. మెకానిక్ బల్బు వేసి తలుపు బిగించాడు.

మరుసటి రోజు సాయంత్రం తలుపు తీస్తే ముక్కు పగిలే కంపు! గింజలు జిగురు కట్టి నల్లబడ్డాయి.

"నీ పొడి చచ్చుది!"

"నీ ఫ్రిజ్ పుచ్చుది బావా!"

"ముందు దాన్ని బయట పారేసి, తర్వాత తీరిగ్గా తిట్టుకోండి," అంది ఆవిడ.

కవరు పట్టుకోగానే మెకానిక్ చెయ్యి చురుక్కుమంది. లోపలి గాలి కన్నా కవరే వేడిగా ఉంది. రెండో కవరూ తాకి చూశాడు.

"ఒరే, గింజలే వేడి పుట్టిస్తున్నాయిరా! వాటి వేడికి నా బల్బు తోడై ఉడికిపోయాయి," అన్నాడు. తప్పు తనదే అని తేలినా ముఖం చిన్నబోలేదు. కొత్త యంత్రం విప్పి చూసినవాడి ముఖంలా వెలిగిపోయింది.

రెండోసారి కవర్లు కాస్త వెచ్చబడగానే బల్బు ఆర్పి, వేడి బయటికి పోయేలా తలుపు సందులో గుడ్డపీలిక మడిచి పెట్టాడు. షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి కవరు మీద చెయ్యి వేసి చూసేవాడు. "పసిబిడ్డకు జ్వరం వచ్చినా ఇంతలా చూడరు ఎవరూ," అని భార్య ఆటపట్టించింది.

ఈసారి గింజలు తెల్లటి దుప్పటి కప్పుకున్నట్టు గట్టిగా పేరుకున్నాయి. పుట్టగొడుగుల వాసన. ఆవిడ దిమ్మను ఆవిరి మీద కాసేపు ఉంచి, పలచగా కోసి, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం పట్టించి, ఎర్రగా వేయించింది.

మెకానిక్ ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. ఇంకా నమిలాడు. ఇద్దరూ అతని దవడల వంకే చూస్తున్నారు.

"మాంసంలా ఉందా?" అడిగింది భార్య.

"లేదు. దీని రుచి దీనిదే," అన్నాడు కంచం ముందుకు జరుపుతూ. "ఇంకో నాలుగు వెయ్యి."

"బావా, నా వాటా!"

"నీ పొడి మంచిదేనోయ్. నువ్వు మాత్రం పప్పు తిను."

మాట అలా అన్నా, తన కంచంలోంచి రెండు ముక్కలు తీసి బావమరిదికి వేశాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఎంగిలి చేతులు ఎండిపోయేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు.