చివరి మేకుకు తాళంచెవి

విక్టర్ పొయ్యి ఆర్పి, టీ గ్లాసు కడిగి బోర్లించి, మడత మంచాన్ని వ్యాను గోడకు కట్టేశాడు. రాత్రి ఇల్లు పొద్దున్నే వెల్డింగ్ షాపు కావడానికి అంతకంటే పెద్ద తతంగం అక్కర్లేదు. వెనక డీజిల్ జనరేటరు, వెల్డింగ్ మిషను, చుట్టలు చుట్టిన కేబులు. డ్రైవరు సీటు వెనక పూల కర్టెను, దాని చాటున సంసారం. ఒంటరివాడి సంసారం గనక అందులోనే సరిపోయింది.

జహీరాబాద్ వైపు ఎర్రమట్టి గనులు, తాండూరు బండల గనులు, ఇటు లక్డారం నల్లరాతి క్వారీలు. ఇదంతా అతని రాజ్యం. మనిషి ఊసులేని ఆ గుంతల్లో పొక్లెయిన్ బకెట్ల పళ్లు అరిగిపోతే ఎవరొస్తారు? ఫోను చేస్తే మిగతా వెల్డర్లు రేపూ మాపూ అంటారు. విక్టర్ మాత్రం పిలవకముందే వచ్చి, గని అంచున బండి ఆపుకొని, అన్నం వండుకుంటూ కనిపించేవాడు. రాత్రి నక్కల అరుపులు వింటూ, బైబిల్లో ఒక పేజీ చదువుకొని హాయిగా పడుకునేవాడు. అంత ఏకాంతం మనకిస్తే తెల్లారేసరికి పారిపోయి వస్తాం. అతనికి అదే బతుకు, అదే భోగం.

ఆ బతుక్కి ఇవాళ ఆఖరు. గుండె బాగాలేదని డాక్టరు చెప్పినప్పటి నుంచి పోతిరెడ్డిపల్లిలో టీచరుగా చేస్తున్న చెల్లెలు ఎవాంజెలిన్ ఈ పని మానేసి తన దగ్గరికి రమ్మని వెంటపడింది. ఆమె ఇంట్లో గది సిద్ధంగా ఉంది. "బండి తాళంచెవి నీ చేత్తోనే నా చేతుల పెట్టాలె అన్నా. నేను గుంజుకున్ననన్న మాట నాకొద్దు" అంది. సరేనన్నాడు. ఒప్పుకున్నాడే గాని మనసు ససేమిరా అంటోంది.

లక్డారం క్వారీ అంచున ఒక చెక్క, దానికి వరుసగా మేకులు. కిందికి దిగే ప్రతివాడూ తన తువ్వాలు ఒక మేకుకు తగిలించాలి, పైకి వచ్చాక తన చేత్తో తానే తీసుకోవాలి. చెక్క మీద ఒక్క తువ్వాలున్నా, కింద మనిషున్నట్టే లెక్క, బండలు పగలగొట్టే మందు పేల్చరు. మొదటిసారి వచ్చినప్పుడు విక్టర్‌కు ఈ సంగతి తెలియక ఊరికే దిగిపోయాడు. సైరన్ మోగాక పడుతూ లేస్తూ పైకి వస్తే, మందు పేల్చే మేస్త్రి యాదన్న తనకొచ్చిన తిట్లన్నీ తిట్టి, ఆనక కూచోబెట్టి టీ తాగించాడు. అప్పటి నుంచి విక్టర్ చివరి మేకుకు తన వ్యాను తాళంచెవి తగిలిస్తున్నాడు. పాత బేరింగు రింగుకు కట్టిన చెవి అది. అది లేనిదే అతను ఎక్కడికీ కదల్లేడు కదా.

"ఇయ్యాల ఆఖరంట గదా, విక్టరన్నా?" అన్నాడు యాదన్న.

"చెల్లె వస్తది సాయంత్రం."

"ఇగ ఏం జేస్తవ్ ఇంట్ల?"

"ఏం జేస్త? గోడలు సూస్త" అని నవ్వి, తాళంచెవి తగిలించి, కేబులు కిందికి వదిలి దిగాడు.

రాతి మలుపు చాటున పొక్లెయిన్ నోరు నేలకానించి పడుంది. విక్టర్ మోకాళ్ల మీద కూర్చొని పాత పళ్లు కోసేశాడు. కొత్తవి అతికించాడు. నిప్పురవ్వలకు కాలి కాలి అతని గడ్డం ఒకవైపు పలచబడింది, ముంజేతుల నిండా నల్ల మచ్చలు. ప్రతి పన్నునూ సుత్తితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఆఖరి పని కదా అని ఎక్కడా చెయ్యి జారనివ్వలేదు. అన్నీ అయ్యాక మలుపు దాటి వచ్చి జనరేటరు ఆపమని పైకి చెయ్యి ఊపి, మళ్లీ వెనక్కి పోయి బకెట్ నీడన కూర్చున్నాడు.

సాయంత్రానికి తువ్వాళ్లన్నీ పోయాయి. తాళంచెవి మిగిలింది.

"పనైపోయింది కదా, బండిల పండుకున్నట్టుండు. మర్చిపోయిండు. తీసెయ్ యాదన్నా, మందు గూడ నింపినం" అన్నాడు సూపర్‌వైజర్ మహేంద్ర.

"ఎవరిది వాళ్లే తియ్యాలె సార్."

వ్యానులో చూశారు. లేడు. యాదన్న పరుగున దిగాడు. విక్టర్ కొత్త పళ్లకు వీపు ఆనించి, ఒళ్లో సుత్తి పెట్టుకొని, జెర అలసట తీర్చుకుంటున్నట్టే ఉన్నాడు. యాదన్న ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తన తువ్వాలు అతని మీద కప్పాడు.

వ్యానులోని మడత మంచం మీద అతన్ని పైకి తెచ్చేసరికి ఎవాంజెలిన్ ఆటో దిగుతోంది. అన్నను చూసి అక్కడే కూలబడింది. నింపిన మందు చీకటిదాకా ఉంచకూడదు, కానీ మేకు దగ్గరికి ఎవరూ పోలేదు. చాలాసేపటికి ఆమే లేచి తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

"ఆగమ్మా" అన్నాడు యాదన్న. "ఆయనతోనే తీపిద్దాం."

మంచాన్ని చెక్క దగ్గరికి ఎత్తి పట్టుకున్నారు. యాదన్న విక్టర్ మణికట్టు పట్టుకొని, వేళ్లను బేరింగు రింగు చుట్టూ మడిచి, మేకు నుంచి తప్పించి, ఎవాంజెలిన్ అరచేతిలో పెట్టించాడు.

"నీ చేత్తోనే ఇస్తివి అన్నా" అని ఆమె భోరుమంది.

ఖాళీ చెక్కను ఒకసారి చూసుకొని యాదన్న సైరన్ మోగించాడు. అన్న చెయ్యి అప్పటికే చల్లబడింది. పొద్దంతా ఎండలో వేలాడిన తాళంచెవి మాత్రం ఆమె గుప్పిట్లో ఇంకా వెచ్చగానే ఉంది.