విచారణకొచ్చిన మేడం

తుపాకి తుడవడం నా పని. దసరా పూజనాడు మాత్రం "ఆడోళ్లు ముట్టొద్దు" అంటుంది మా అత్త గుర్వమ్మ. మిగతా ఏడాదంతా దుమ్ము దులిపేది, కుట్టుమిషన్ నూనె రాసేది నేనే. అప్పుడు ఏ మైలా అంటదు.

అమ్రాబాద్ పక్క పల్లె మాది. అడవిపందుల నుంచి పల్లీచేను కాపాడుకోమని మామకు ఇచ్చిన లైసెన్సు, ఆయన పోయాక నా భర్త లింగస్వామి పేరు మీదికి వచ్చింది. దాన్ని పొడిగించాల్సి వచ్చినప్పుడల్లా ఠాణా నుంచి ఒకరు విచారణకు వచ్చి, "చెడు అలవాట్లేమన్న ఉన్నయా?" అని ఆయన్నే అడిగేవారు. "ఏం లేవు సార్" అని ఆయనే చెప్పేవాడు. నేను చాయ్ ఇచ్చి లోపలికి పోయేదాన్ని.

ఆయన మందుకల్లు సంగతి ఊరంతటికీ తెలుసు. మత్తుబిళ్లల పొడి కలిపిన ఆ కల్లు పొద్దున్నే పడకపోతే చేతులు వణుకుతాయి. పడితే మనిషిని గుర్తుపట్టడు. మొన్న చేనుకు సద్ది తీసుకుపోయిన మా బిడ్డ నిహారికను పంది అనుకుని పేల్చాడు. చేతిలో సద్దిగిన్నె ఎగిరిపడింది. బిడ్డ బతికింది. "ఎవ్వలతోని అనకు, లైసెన్సు పోతది" అంది అత్త. బిడ్డ పోయుంటే అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఈసారి ఎస్సై స్వర్ణ మేడం వచ్చింది. ఆయన జవాబు రాసుకుని, నా చేతిలోంచి చాయ్ అందుకుంటూ, "నువ్వు చెప్పమ్మా. మత్తు అలవాటున్నోళ్లకు తుపాకి ఇయ్యొద్దు. నీ మాట గూడ రాసుకోవాలె" అంది.

నా మాట! పద్దెనిమిదేండ్ల కాపురంలో కూరలో ఉప్పు గురించైనా నన్ను అడిగినవాళ్లు లేరు. ఆమె కలం పట్టుకుని నా నోటివైపే చూస్తోంది.

"తాగుతడు మేడం. మందుకల్లు. మొన్న బిడ్డ మీద కాల్చిండు."

ఆయన కళ్లురిమాడు. మేడం తలెత్తలేదు. రాసి, చదివి వినిపించింది. నేను అన్నది అన్నట్టే ఉంది, ఒక్క మాట తగ్గలేదు. నమ్మలేక ఇంకోసారి చదవమన్నాను. చదివింది. కింద సుక్కమ్మ అని సంతకం పెట్టి, నా పేరును ఎంతసేపు చూసుకున్నా తనివి తీరలేదు.

మేడం గోడమీది తుపాకి దింపించింది, ఆయన్ని జీపెక్కించింది. అత్త శోకం అందుకుంది.

"ఇగ చేనుకు కావలి ఎవరుంటరే, పాపిష్టిదానా?"

"ఇన్నేండ్ల సంది మంచెమీద డబ్బా కొట్టుకుంట నేనే ఉంటున్న గదత్తమ్మా. నీ కొడుకు కింద పండుకుంటడు."