సిమ్రాన్ మొలతాడు

రసూల్‌బీకి డాక్టర్లంటే భయం లేదు, నమ్మకం అసలే లేదు. ఆమె పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అలాంటి మనిషి మూడేళ్ల మనవరాలు సిమ్రాన్‌ని మూత్రపిండం ఆపరేషన్‌కని రేపల్లె నుంచి తెనాలి తీసుకొచ్చిందంటే, గత్యంతరం లేకే. పిల్ల తల్లి, అంటే ఆమె కూతురు తరన్నుమ్, బాపట్లలో పురిటి మంచం మీద ఉంది.

మత్తు డాక్టరు కౌముది ముందురోజే విడమరిచి చెప్పింది.

"నడుం కింద, తోకెముక దగ్గర దారమంత సన్నటి గొట్టం పెడతానమ్మా. ఆపరేషనయ్యాక కూడా అందులోంచి మందిస్తుంటే పాపకి నొప్పి తెలీదు. మొలతాడు మాత్రం తీసెయ్యాలండి."

రసూల్‌బీ గుండెల్లో రాయి పడింది. తరన్నుమ్ తొలిచూలు బిడ్డ, మొలతాడు తెగిన వారానికే జ్వరమొచ్చి పోయాడు. అయినా ముడి విప్పి, తాయెత్తుతో సహా తాడుని కొంగున కట్టుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మధ్యాహ్నం సిమ్రాన్ కళ్లు తెరిచి, "నా బొమ్మేది నానీ?" అని అమ్మమ్మని అడిగింది. కోసి కుట్టిన పిల్ల ఏడవకపోవడమేంటి, మొలతాడు లేక ఏమైనా అయిందేమోనని రసూల్‌బీకి అనుమానం పట్టుకుంది. నర్సు అటు వెళ్లగానే, వీపు మీద అతికించిన గొట్టం మీదుగానే కొంగులోని తాడు తీసి చుట్టి, జారకుండా బిగించి ముడేసింది. అప్పటికి గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

సాయంత్రానికి పిల్ల మూలగడం మొదలుపెట్టి, చివరికి గుక్కపట్టింది. కౌముది వచ్చి సిరంజి నొక్కితే మందు కదల్లేదు. గౌను ఎత్తి చూస్తే తాడు కింద గొట్టం మడతపడి ఉంది.

"నేనే కట్టానమ్మా," అంది రసూల్‌బీ. తన చేతులతోనే పిల్లని ఏడిపించానని ఆమెకి ప్రాణం చచ్చిపోయింది.

కౌముది కత్తెర తియ్యలేదు. "మీరే విప్పండమ్మా. నేను గొట్టం పట్టుకుంటాను."

విప్పితే పోయిన పిల్లవాడు గుర్తొస్తున్నాడు, విప్పకపోతే ఉన్న పిల్ల ఏడుస్తోంది. వేళ్లకి ముడి లొంగక పళ్లతో లాగింది. కౌముది గొట్టం సరిచేసి మందు పంపింది. కాసేపటికి ఏడుపు వెక్కిళ్లయి, పిల్ల నిద్రలోకి జారుకుంది.

"గొట్టం తీసేదాకా కాలికి కట్టండి," అంది కౌముది.

రసూల్‌బీ కాలికి తాడు చుట్టి, ముడి వెయ్యబోయి ఆగింది. "బిగువైందేమో, కాస్త చూడమ్మా."

కౌముది తాడు కింద చిటికెనవేలు దూర్చి చూసింది. "సరిపోయిందండి."

రసూల్‌బీకి ఏడుపు అప్పుడొచ్చింది.