ఏడుచోట్ల ఆగిన అతుకు

వారమంతా షెడ్డులో రైలింజన్లు కడిగే మనిషి ఆదివారమైనా కాళ్లు చాపుకుని కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. బండిపిల్ల ఆ రకం కాదు. పొద్దున్నే బకెట్టు నీళ్లు, పాత బనియన్ గుడ్డ, కిరసనాయిలు సీసా పట్టుకుని మెట్లు దిగి, తన మోటారు సైకిలు ముందు పీట వేసుకుని కూర్చునేది. మేడ మీది వాళ్లకి ఆదివారం అయిందని తెలిసేది ఆ కిరసనాయిలు వాసనతోనే.

బండి చూడబోతే అతుకుల బొంత. ట్యాంకు ఒక కంపెనీది, ఇంజన్ ఇంకొక కంపెనీది. ముందు చక్రం వెనక చక్రం కంటే రెండంగుళాలు పెద్దది కావడంతో ఎప్పుడు చూసినా ఎవరినో చూడ్డానికి మెడ ఎత్తినట్టుండేది. హారన్ ఏ లారీదో, మోగితే వీధి వీధంతా పక్కకి తప్పుకునేది. ఎడమవైపు చిన్న తొట్టిలాంటి సైడ్‌కార్.

ముప్ఫై నాలుగేళ్ల కిందట, ఇదే నెలలో, ఆ సైడ్‌కార్‌లోనే ఆమె అనాథాశ్రమం గేటు ముందు దొరికింది. ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది, నడిపిన మనిషి మాత్రం లేరు. ఆశ్రమం వాళ్లు ఏదో పేరు రాసుకున్నారు గానీ, దానితో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. బండిలో దొరికింది కాబట్టి బండిపిల్ల. పిల్ల పెద్దదై, మూడు బకెట్లు ఒక్క చేత్తో మోసే మనిషైనా ఆ పేరు పెరగలేదు.

చిక్కంతా వయసు దగ్గర వచ్చింది. ఆశ్రమం డాక్టరు పిల్ల ఒళ్లు చూసి రెండేళ్లని రాసేశాడు. "ఏడాది కూడా నిండలేదండీ, బొద్దుగా ఉంది అంతే" అని ఆయా నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయా మాట రిజిస్టరుకి ఎక్కుతుందా? ఆ లెక్కన ఇప్పుడు బండిపిల్లకి ముప్ఫై ఆరు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లని ఇంజన్ డ్రైవరు శిక్షణకి తీసుకోవడం ఈ ఏడే మొదలుపెట్టారు, వయసు ముప్ఫై అయిదు నిండకూడదన్నారు. పన్నెండేళ్లుగా ఇంజన్లకి ముక్కూ మూతీ కడిగింది. ఒక్కసారి లోపలెక్కి, తన చేత్తో దాన్ని కదిలించాలని ఆమె కోరిక. అది తప్ప ఆమె జీవితంలో ఇంకేదీ గట్టిగా కోరుకోలేదు.

"నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు దరఖాస్తులు తీసుకునే గుమస్తా. "ముద్ర ఉన్న కాగితం ఇంకోటి పట్రా, ఇప్పుడే మార్చేస్తా. సోమవారం సాయంత్రం దాకా టైముంది."

ఊళ్లో పాతవాటికి ఏడాది తేల్చి ముద్ర వేసేది ఏడాదుల తాత ఒక్కడే. అయితే ఆయన తేల్చేది బళ్ల వయసు, మనుషులది కాదు. అయినా బండిపిల్ల ఆ ఆదివారం బండిని రెండింతలు శ్రద్ధగా తుడిచి, తాత ఇంటికి తోలుకుపోయింది. తనకంటూ ఉన్న చుట్టం ఆ బండొక్కటే. తన వయసు తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే అదే.

తాత ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాడు. మామ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఆదివారం పని చెయ్యను" అన్నాడు తాత పేపరు దించకుండా.

"మిగతా రోజుల్లో చేసి అలిసిపోయారు పాపం" అంది మామ్మ. "రామ్మా, లోపలికి తోసుకురా."

తాత పద్ధతి ఊరందరికీ తెలిసిందే. ఇనుము చివరిసారి ఏ రోజు కరిగిందో ఆ రోజు గాలి దానిలో ఉండిపోతుంది. తాత అరచెయ్యి ఆనిస్తే అది బయటికొస్తుంది. వచ్చిన గాలి ఏ రోజుదో మామ్మ పుస్తకాలు చూసి చెబుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ మామ్మ, అంతకుముందు వాళ్లమ్మ, ఏ రోజు ఎండ కాసిందో, ఏ రోజు ముసురు పట్టిందో ఒక్క రోజు తప్పకుండా రాసిపెట్టారు. తాత కిటికీ తలుపులన్నీ మూశాడు. వచ్చిన గాలి వీధిలోకి పోతే మళ్లీ దొరకదు.

"ఇంజన్ ఏడాదే బండి ఏడాది. అది చూస్తే చాలు" అని తాత ఇంజన్ మీద చెయ్యి వేశాడు.

గదిలోకి వడగాడ్పు కొట్టింది. పేపరు లేచి గోడకి అతుక్కుంది. మామ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునే పుస్తకం తిరగేసి, "డెబ్భై రెండేళ్లు. మా అమ్మ రాత" అంది. ట్యాంకు ముట్టుకుంటే పొగమంచు దిగింది, చిక్కుడుకాయల గిన్నె ఎక్కడుందో కనబడలేదు. దానికి అరవై. ముందు చక్రంలో సన్నటి ముసురు వాసన, యాభై ఎనిమిది. సైడ్‌కార్ చలికి ముగ్గురికీ పళ్లు టకటకలాడాయి. దానికి యాభై ఒకటి.

"భేషైన బండి. డెబ్భై రెండేళ్లని రాసి ముద్ర వేసిస్తా" అన్నాడు తాత చేతులు రుద్దుకుంటూ.

"నాకు కావలసింది బండి వయసు కాదు తాతగారూ" అంది బండిపిల్ల. షెడ్డు సంగతి, గుమస్తా సంగతి, ఆయా మాట అన్నీ చెప్పేసింది. "దీనిలో ఏదో ఒకటి నేను పుట్టినప్పటిది ఉంటుందనుకున్నాను. అన్నీ నాకంటే పెద్దవే."

తాత కిటికీ తియ్యడానికి లేచాడు.

"ఒక్క నిమిషం" అందామె. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సైడ్‌కార్‌ని బండికి కలిపే కమ్మీ కిందికి చెయ్యి పోనిచ్చింది. "ఇక్కడ గరుగ్గా ఒకటుంది. తుడిచినప్పుడల్లా గుడ్డ చిక్కుకుంటుంది. ఇది చూడలేదు మీరు."

తాత కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. "అది భాగం కాదమ్మా, వెల్డింగ్ అతుకు. అతుక్కి ఏడాదేమిటి? అందులోనూ చేతకాని పని. జానెడు గీతలో ఏడుచోట్ల ఆగి ఆగి వేశాడు. ఎక్కడికక్కడ బొడిపెలు."

"అది కరిగిందా, లేదా?" అంది మామ్మ.

"కరక్కుండా ఎలా అతుక్కుంటుందే?"

"మరి పెట్టండి చెయ్యి. అరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు, ఇదీ నేనే చెప్పాలి."

తాత గీత మొదట్లో వేలు ఆనించాడు. గదిలో వెచ్చటి ఎండ పరుచుకుంది. ఆ వెనకే రేకుల కప్పు మీద వడగళ్లు టపటపా పడ్డ చప్పుడు. వెల్డింగ్ మంట చిటపటలాడింది. వేలు మొదటి బొడిపె దాకా వచ్చేసరికి ఆ చిటపట ఆగి, పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"వచ్చా, వచ్చా" అంది ఒక ఆడగొంతు, పరిగెత్తుకొచ్చినట్టు. "ఇదుగో నేనిక్కడే ఉన్నాగా."

ఏడుపు తగ్గింది. చిటపట మళ్లీ మొదలైంది. రెండో బొడిపె దగ్గర మళ్లీ ఏడుపు, మళ్లీ అదే గొంతు. మూడో దగ్గరా అంతే. నాలుగో దగ్గర ఆ గొంతు నవ్వింది. "నన్ను పని చేసుకోనివ్వవా దొంగా?" అయిదో దగ్గర మిల్లు సైరన్ కూసి బిడ్డ ఉలిక్కిపడింది. ఏడోదాని దగ్గర గొంతు బాగా అలిసిపోయి ఉంది.

"ఇంకొక్క అంగుళం బంగారం. నువ్వు కూర్చోడానికేగా ఇదంతా."

గీత అయిపోయింది. గదిలో గాలి మామూలైంది.

తాత కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "చేతకాక కాదమ్మా" అన్నాడు. "నువ్వు ఏడిచినప్పుడల్లా మంట ఆర్పి లేచింది. తప్పు మాట అన్నాను."

బండిపిల్ల ఆ కమ్మీని రెండు చేతులా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పనికిరాని సామానుతో పాటు పారేసిన పిల్లనని ఇన్నేళ్లూ అనుకుంది. ఎవరైనా జాలి చూపిస్తే ముందుగా తనే ఆ మాట జోకుగా అనేసి నవ్వేది. ఇప్పుడా జోకు ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. దుఃఖం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది, అదే ఆమెని ఆగనివ్వలేదు.

"మరి ఎందుకు వదిలేసిందో?" అంది చివరికి.

"అది ఈ ఇనుముకి తెలీదమ్మా" అంది మామ్మ, ఆమె వీపు నిమురుతూ. "ఆ రోజు తర్వాత ఇది మళ్లీ కరగలేదు కదా."

మామ్మ ముక్కు తుడుచుకుని పుస్తకాలు ముందేసుకుంది. ఆ ఏడుపు పుట్టి పది రోజులు దాటని బిడ్డదని ఆమె ఖాయంగా చెప్పింది, నలుగుర్ని పెంచిన మనిషి. పిల్ల దొరకడానికి ముందు మూడేళ్లలో వడగళ్లు పడింది రెండే రెండుసార్లు. ఒకటి సాయంత్రం పూట. రెండోది దొరగ్గానే పైకి చదివింది. "ఫెళ్లున ఎండ. సైరన్ వేళకి ఎండలోనే వడగళ్లు. ఆరేసిన బట్టలన్నీ మళ్లీ ఉతకాలి. లోపలికి తెమ్మంటే ఈయన వింటేనా?"

"అదీ రాశావా?" అన్నాడు తాత.

"అన్నీ రాశాను."

తేదీ లెక్క కడితే ముప్ఫై నాలుగేళ్ల పది నెలలు. ఆయా చెప్పిందే నిజం. తాత కాగితం తీసి బండి ఏడాది దగ్గర కాసేపు కలం ఆపాడు. ఇన్నాళ్లూ ఇంజన్ ఏడాదే రాసిన మనిషి, ఈసారి ఆ వడగళ్ల రోజు తేదీ వేశాడు. "అంతకుముందు ఇవన్నీ ఎక్కడివక్కడ పడున్న ఇనుప ముక్కలు. బండి అయింది ఆవేళే" అని ముద్ర గట్టిగా గుద్దాడు. కింద బిడ్డ ఏడుపు సంగతి కూడా రాసి, మామ్మ చేత సాక్షి సంతకం పెట్టించాడు.

సోమవారం గుమస్తా ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు. ముద్ర వెలుతురుకి పెట్టి చూశాడు. పుట్టిన తేదీ కొట్టేసి కొత్తది రాశాడు. తర్వాత దరఖాస్తు మీద కలం పెట్టి, అలవాటు ప్రకారం అడుగుతూ పోయాడు.

"తండ్రి పేరు?"

"తెలీదండీ."

"తల్లి పేరు?"

"పేరు తెలీదండీ. పని తెలుసు."

గుమస్తా తలెత్తి చూశాడు.

"వెల్డర్" అంది బండిపిల్ల.

ఆయన ఆ మాట గడిలో గుండ్రంగా రాసి, ఎల్లుండి పొద్దున ఆరింటికల్లా ఇంజన్ దగ్గరుండమన్నాడు.