నాలుగు రకాల మంచు

నవంబరు రెండో శనివారం వచ్చిందంటే ఆ ఊరి బడి వ్యాయామశాలలో బంతులాట బందు. స్కీ సంఘంవాళ్ళు పాత సామాన్ల సంత పెట్టేది అప్పుడే. అమ్మదలచినవాళ్ళు పొద్దున్నే తమ స్కీలు తెచ్చి బల్ల దగ్గర అప్పగిస్తారు. వాటికి ఒక నంబరు చీటీ కడతారు, అమ్మేవాడి పేరు ఎక్కడా రాయరు. సాయంత్రం ఆరింటికి అమ్ముడుపోని సరుకును ఎవరిది వాళ్ళు వచ్చి పట్టుకుపోవాలి. ఇవి ఎవరివని అడగడం మర్యాద కాదు. అడగాల్సిన అవసరమూ లేదనుకోండి. గీతలు చూసి ఎవరి స్కీలో పోల్చుకోలేనివాడు ఆ లోయలో పుట్టినవాడే కాదు.

యెరిత్స పదింటికి వచ్చింది, రెండో జత కొనుక్కోవడానికి. రొట్టెల కొట్టులో పనిచేసే యాభై రెండేళ్ళ మనిషి. ఆమెకున్న జత సన్నవి, యంత్రంతో చదును చేసిన బాట మీద కత్తిలా పోతాయి. పదేళ్ళుగా కొండంతా వాటితోనే దిగింది. రెండో జత ఆలోచన ఆమెది కాదు, భర్త ఇజిదోర్‌ది.

మార్చిలో ఇజిదోర్ మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఈ చలికాలం కొండెక్కుతాడో లేదో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం. అలాంటిది, అక్టోబరులో ఒకరోజు కాల్చిన చెస్ట్‌నట్ కాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి అతనే కదిపాడు.

"నువ్వింకో జత కొనుక్కోవాలి యెరీ. మన కొండ మీద ఒక్క దిగుడులో నాలుగు రకాల మంచు. పైన గాజుగడ్డ, గట్టు మీద గాలి పోసిన కుప్పలు, అడవిలో పిండి, కింద కలప కోత మిల్లు దగ్గర జావ. అన్నిటికీ పనికొచ్చేవి ఉండాలి."

"పదేళ్ళుగా లేని కొండ ఇప్పుడు మొలిచిందా?"

"కొనుక్కోమంటే కొనుక్కోవే తల్లీ. చెప్పింది వినవు కదా."

సంతకు మాత్రం రానన్నాడు. నిలబడలేడట. పొద్దున్నే కారు టైర్లు మార్పించాలని వెళ్ళిపోయాడు. వ్యవహారం ఏమిటో యెరిత్సకు అంతుపట్టలేదు.

లోపల అడుగు పెట్టగానే బడిలో ఆటలు నేర్పే దమ్యాన ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"రావే రా, నీకోసమే చూస్తున్నా. ఇదిగో, ఈ స్కీ నడుము దగ్గర వెడల్పు తొంభై ఐదు మిల్లీమీటర్లు. అడవిలో మునగవు, పడవలా తేలతావు."

"మరి పైన గడ్డ మీదో?"

"గడ్డ మీద కాస్త ప్రార్థన చేసుకో."

వెనకనుంచి లోయ్జ్ ముసలాయన పకపకా నవ్వాడు. నలభై ఏళ్ళుగా ఊరందరి స్కీల అంచులకూ పదును పెట్టేది ఆయనే. "తొంభై ఐదా! అవి స్కీలు కావమ్మా, కొట్టం తలుపులు. డెబ్బై ఎనిమిది దాటకు. అంచు పట్టిందంటే ప్రాణం నిలిచినట్టే."

"డెబ్బై ఎనిమిదైతే అడవిలో కూరుకుపోనూ, బాబాయ్?"

"అడవిలోకి ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

ఇంతలో మంచు చదును చేసే యంత్రం తోలే సిల్వో వచ్చిపడ్డాడు. వెడల్పు గొడవ వదిలేసి పొడుగు చూడమన్నాడు. గడ్డం దాకా వస్తే చాలన్నాడు. కాదు, నుదురు దాకా ఉండాలంది దమ్యాన. ఇద్దరికీ వాదన ముదిరింది. మూడు జతలు తిప్పి చూసినా యెరిత్సకు తల తిరగడం తప్ప ఏమీ తేలలేదు.

"మీ అందరికీ దణ్ణం. ఇంతకీ ఏది కొనమంటారు?"

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి," అన్నాడు లోయ్జ్. "ముందు సాసేజీ తిందాం పద, నేనిప్పిస్తా."

చిత్రమేమిటంటే, ఆమె కిటికీ పక్క మూలకు రెండడుగులు వేసిందంటే చాలు, ఎవరో ఒకరు అడ్డం పడుతున్నారు. అటు వెళ్ళబోతే దమ్యాన టీ అంది. మళ్ళీ వెళ్ళబోతే సిల్వో, "అక్కడంతా చెత్తే, ఇటు చూడు" అన్నాడు. జీవితంలో ఒక్క కప్పు టీ ఇప్పించని లోయ్జ్ సాసేజీ ఇప్పిస్తానన్నప్పుడు ఆమెకు అనుమానం గట్టిపడింది. విదిలించుకుని ఆ మూలకు నడిచింది.

అక్కడ గోడ కమ్మీలకు ఆనించి నీలం రంగు స్కీలున్నాయి. నంబరు నూట పద్నాలుగు. కుడి స్కీ తోక దగ్గర నల్లటి మాసిక ఉంది. ఆరేళ్ళ కిందట కోత మిల్లు దగ్గర రాయి తగిలి పెచ్చు లేస్తే ఇజిదోర్ వంటగదిలో కూర్చుని వేసుకున్న మాసిక. ఆ కాలిన ప్లాస్టిక్ వాసన వారం రోజులు పోలేదు.

వెనక్కి తిరిగింది. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"మీకు తెలుసన్నమాట."

"తలుపు తియ్యకముందే తెచ్చాడే," అంది దమ్యాన నేల చూస్తూ. "నీ కంట పడకముందే అమ్ముడైపోతే బాగుణ్ణన్నాడు. మేమేం చెయ్యం చెప్పు?"

యెరిత్సకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. రెండింటి మధ్య అసలు సంగతి బోధపడింది. పదేళ్ళుగా కొండ మీద ముందు వెళ్ళేది ఇజిదోర్. గడ్డ ఎక్కడుందో, మెత్తన ఎక్కడుందో అతను చూసుకునేవాడు. ఆమె అతని వీపు చూసి వంగేది, అతని జాడలోనే తిరిగేది. అందుకే సన్న స్కీలతో సరిపోయింది. ఇక ముందు ఆ వీపు ఉండదు కాబట్టి, ఏ మంచులోనైనా ఆమెను మోసే స్కీలు కొనుక్కోమన్నాడు. ఆ మాట నోరు తెరిచి చెప్పలేక వెడల్పులూ పొడుగులూ మాట్లాడాడు.

వాటిని తనే కొనేద్దామా అనుకుంది. కొంటే ఏమవుతుంది? కొట్టంలో పడి ఉంటాయి. అతని చేత్తో తెచ్చినవి అతని చేత్తోనే వెనక్కి రావాలి. అందుకని గోడకు వీపు ఆనించి అక్కడే నిలబడింది.

పక్క లోయ కుర్రాడొకడు వచ్చి స్కీలు పైకెత్తి చూశాడు. "నీకివెందుకు నాయనా?" అంది యెరిత్స. "గడ్డ మీద నిలవవు. డెబ్బై ఎనిమిది దాటితే అవి కొట్టం తలుపులే." వాడు వెళ్ళిపోయాడు. తర్వాత ఒక జంట వచ్చింది. వాళ్ళతో, "అడవిలో మునిగిపోతాయమ్మా, తొంభై ఐదైనా ఉండాలి," అంది. ఇంకొకాయనకు పొడుగెక్కువన్నది. ఆయన తమ్ముడికి పొట్టివైపోతాయన్నది. పొద్దుటినుంచీ ఆమెను తికమక పెట్టిన మాటలన్నీ ఇప్పుడు బాగా పనికొచ్చాయి.

నాలుగింటికి వచ్చినాయన మాత్రం మాటలకు లొంగే రకం కాదు. స్కీని వంచి చూశాడు, అడుగును గోటితో గీరాడు, అంచు మీద బొటనవేలు నడిపాడు. "భేషుగ్గా ఉన్నాయి. ఈ ధరకెక్కడా దొరకవు," అని జేబులో చెయ్యి పెట్టాడు. యెరిత్సకు చెప్పడానికి ఇంకేం మిగల్లేదు.

"అవి లోపల విరిగాయండి," అన్నాడు లోయ్జ్ ఎప్పుడొచ్చాడో గానీ పక్కనుంచి. "నేనే చూశాను. పైకి తెలీదు."

ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల లోయలన్నిటికీ నమ్మకం. కొనేవాడు స్కీలు వదిలేసి వెళ్ళాడు. నలభై ఏళ్ళలో స్కీల గురించి ఒక్క అబద్ధం ఆడని ముసలాయన ముఖం కందగడ్డలా అయింది. యెరిత్స వైపు చూడకుండా వెళ్ళి, రెండు నిమిషాల్లో ఒక సాసేజీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆరింటికి ఇజిదోర్ చీటీ పట్టుకుని కుంటుతూ వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

"అమ్ముడుపోలేదా?"

"లేదు."

"మంచి స్కీలే..."

"మనిషికో మాట అన్నారు."

అతను ఆమె కాళ్ళ దగ్గర పేర్చి ఉన్న నాలుగు ఖాళీ టీ కప్పులు చూశాడు. "పొద్దుటినుంచీ ఇక్కడే నిలబడ్డావా?"

"ఎక్కడ నిలబడమంటావ్?"

"మరి నీ స్కీలు?"

"ఎన్ని చూసినా తేలలేదు. ముందు ఎవరు వెళ్తారో తెలీకుండా ఏవని కొనను?"

ఇజిదోర్ చీటీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "ఈ మోకాలు ఇంక ఆ అడవిలోకి రాదు యెరీ."

"రాకపోతే పోనీ."

"బడి వెనక పిల్లల వాలుంది చూడు, తాడు పట్టుకుని ఎక్కేది. అక్కడికైతే పర్వాలేదన్నాడు డాక్టరు. నేను వద్దనుకున్నా. ఊరంతా నవ్వుతారు."

"నవ్వనీ. నేనూ నవ్వుతా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అక్కడ ఎన్ని రకాల మంచు?"

"ఒకటే. సిల్వో రోజూ చదును చేస్తాడుగా."

"అలాంటప్పుడు నా పాతవే చాలు," అంది యెరిత్స. గోడకు ఆనించిన స్కీలు తీసి అతని భుజం మీద పెట్టింది.