లోథార్ గుర్తు

టికెట్లు ఇచ్చే అమ్మాయికి ఎగాన్ ఎవరో తెలియదు. ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయేమో, అతను పని మానేసే పదమూడేళ్లయింది.

"గోపురం మీదికి రెండు వందల డెబ్బై మెట్లు తాతగారూ. లిఫ్టు లేదు. గుండె జబ్బు గట్రా ఏమీ లేవుగా?"

"లేవు. మోకాళ్లే."

"మరెందుకండీ ఈ యాతన? హాయిగా కింద కూర్చుని ఆ రంగుటద్దాలు చూడకూడదూ! అందరూ వాటి కోసమే వస్తారు."

ముప్పై ఎనిమిదేళ్లు ఆ మెట్ల మీద ఉలీ సుత్తీ మోసుకుని తిరిగిన మనిషికి ఈ పిల్ల చర్చి ఎలా చూడాలో నేర్పుతోంది. ఇంకో రోజైతే ఎగాన్ నాలుగు మాటలు అంటించేవాడే. ఈ రోజు ఓపిక లేదు. టికెట్టు జేబులో కుక్కుకుని చుట్టుమెట్ల గుమ్మంలోకి తలవంచి దూరాడు.

అతని ముందు ఓ యాత్రికుల గుంపు ఎక్కుతోంది. వాళ్ల గైడు నోటికి అడ్డూ ఆపూ లేదు. ఏడు వందల ఏళ్ల నుంచి ఒక్క రాయి కదల్లేదని చెబుతున్నాడు. ఎగాన్‌కి ఒళ్లు మండింది. కదలకపోవడమేమిటి? వానా మంచూ కలిసి ఏటా కొన్ని రాళ్లను తినేస్తాయి, చర్చి వెనక షెడ్డులో పనివాళ్లు వాటి బదులు కొత్తవి చెక్కి పెడుతూనే ఉంటారు. అక్కడ అన్నీ పాతవే, అన్నీ కొత్తవే. కానీ వాడితో వాదించాలంటే ఊపిరి కావాలి. ఉన్న ఊపిరి మెట్లకే చాలడం లేదు.

ఎనభయ్యో మెట్టు దగ్గర కిటికీ గూట్లో కూలబడ్డాడు. కాళ్లు లాగేస్తున్నాయి. అసలు కాళ్ల సంగతి కాదు, ఈ అలసట చాలా ఏళ్లుగా ఉన్నదే. పొద్దున్నే లేస్తూనే అలసిపోయి లేస్తాడు.

నిన్న మంగళవారం. రిటైరైన రాతిపనివాళ్లంతా వారానికోసారి బీరు తాగే బల్ల దగ్గర కుంటి క్సావెర్ ఓ మాట చెప్పాడు.

"విన్నారా? ఉత్తరం వైపు పిట్టగోడలో, పోయిన మన లోథార్ చెక్కిన రాయి ఉల్లిపొరలా ఊడిపోతోందట. అతని కూతురే దాన్ని తీయించేస్తోంది. కొత్త రాయి మీద వాళ్ల నాన్న గుర్తు వేయనని చెప్పేసిందట!"

బల్ల చుట్టూ అందరూ నోళ్లు నొక్కుకున్నారు. ఆ షెడ్డులో ఆచారం ఒకటుంది. రాయి చెక్కినవాడు దాని మీద తన గుర్తు వేస్తాడు, మూడు నాలుగు గీతలంతే. కాలం తీరి రాయి మార్చాల్సి వస్తే, కొత్తగా చెక్కినవాడి గుర్తు పక్కనే పాతవాడి గుర్తు కూడా వేస్తారు. మనిషి పోయినా గుర్తు పోదు. పనివాడి తప్పు వల్ల పాడైన రాయికి మాత్రం ఆ మర్యాద ఉండదు. పాత గుర్తు రాయితో పాటే చెత్తలోకి పోతుంది.

"ఎంత పనివాడు లోథార్! ఎవరి చెయ్యి ఎప్పుడు జారుతుందో చెప్పలేం," అన్నాడు క్సావెర్. ఎగాన్ గ్లాసు సగంలో వదిలేసి ఇంటికి పోయాడు.

మళ్లీ లేచాడు. నూట యాభై దాటాక యాత్రికులు కూడా నోరు మూసుకుని రొప్పుతున్నారు. వాళ్లను ముందుకు పోనిచ్చి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు.

పైన ఉత్తరం వసారాలో హైకె ఉంది. లోథార్ కూతురు, ఇప్పుడు షెడ్డుకి మేస్త్రీ ఆవిడే. తాడు కట్టి యాత్రికులను ఆపి, పిట్టగోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కొలతలు తీస్తోంది.

"తాడు దాటకూడదండీ," అని తల తిప్పి, నవ్వేసింది. "నువ్వా బాబాయ్! చేతిలో ఆ టికెట్టేంటి, సిగ్గు లేకపోతే సరి! వెనక గుమ్మం తాళం నీ దగ్గర లేదూ?"

"ఈ రోజు దొంగదారిన రావాలనిపించలేదమ్మా."

"సరే, కూర్చో. మొహం సున్నం కొట్టినట్టుంది. నీళ్లు తాగు."

సీసా అందుకున్నాడు గానీ తాగలేదు. ఎదురుగా ఆ రాయి. ఎర్రరాతి దిమ్మ, నగిషీ ఏమీ లేదు. బయటి మొహం బొబ్బలెక్కి పలకలు పలకలుగా లేచిపోయింది. లోపలి వైపు మాత్రం లోథార్ గుర్తు నిన్న చెక్కినట్టుంది. రెండు నిలువు గీతలు, వాటిని కోస్తూ ఓ వాలు గీత.

"గుర్తు వేయనన్నావట."

హైకె నవ్వు పోయింది. "బీరు బల్ల దాకా పాకిందన్నమాట. నువ్వు కూడా మొదలెట్టకు బాబాయ్. రాయిని నిలువు పొరతో చెక్కితే ఇలాగే అవుతుందని మొదటి ఏడాది నేర్చుకునేవాడికి కూడా తెలుసు. మా నాన్నని మినహాయిస్తే రేపు ఎవడు నా మాట వింటాడు?"

కొండలో రాయి పొరలుగా పడుకుని ఉంటుంది. గోడలోనూ దాన్ని అలాగే పడుకోబెట్టాలి, నిలబెడితే పొరల మధ్య నీళ్లు దిగి చలికి పగిలిపోతుంది. అందుకే చెక్కినవాడు ఏ వైపు పైకి రావాలో బాణం గీసి పంపుతాడు. పేర్చేవాడు ఆ బాణం చూసి పెడతాడు. పేర్చినవాడికి గుర్తంటూ ఉండదు.

"మీ నాన్న బాణం సరిగ్గానే గీశాడు," అన్నాడు ఎగాన్.

"నీకెలా తెలుసు?"

"ఆ రాయి పేర్చింది నేను."

గాలి గట్టిగా వీస్తోంది. హైకె కొలబద్ద కింద పెట్టింది.

"ముప్పై ఒక్క ఏళ్లయింది. శనివారం, ఆఖరి రాయి. బయటికి రావాల్సిన మొహం మీద ఇంత వెడల్పున తెల్ల చార. సోమవారం బిషప్పుగారు వస్తున్నారు. కొత్త రాయి కావాలంటే క్వారీ నుంచి ఇంకో వారం. పొర నిలువవుతుందని తెలిసే తిప్పేసి పెట్టాను. శుభ్రంగా కనిపించింది."

"బాణం?"

"తడిగుడ్డతో తుడిచేశాను."

చెప్పేశాడు. చెప్పేస్తే బరువు దిగిపోతుందనుకున్నాడు. ఏమీ దిగలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అంతే.

హైకె ఆ రాతి మీద లేచిన పలకను వేలితో తడిమింది. గొంతు మామూలుగానే ఉంది.

"నాన్నకి చెప్పావా?"

"లేదు. అప్పుడు ఉద్యోగం భయం. తర్వాత... రాయి బాగానే ఉండేది హైకె. ఇరవై ఏళ్లు బాగానే ఉంది. నేను బతికుండగా ఏమీ కాదనుకున్నాను."

"పదేళ్ల కిందట మొదటి పొర లేచింది. నాన్నే చూశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం కింద కూడలిలో నిలబడి పైకి చూసేవాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేదాన్ని." ఆమె లేచి నిలబడింది. "గుర్తు వేయొద్దన్నది నేను కాదు బాబాయ్. ఆయనే. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. 'బాణం తప్పు గీసుంటాను, ఎలా గీశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, మార్చేటప్పుడు నా గుర్తు వేయకు' అని."

ఎగాన్ రాతి మీది ఆ మూడు గీతల వైపు చూశాడు.

"నువ్వు వారానికి రెండుసార్లు వచ్చేవాడివి. ఆయన మంచం మీద కూర్చుని పేకాడేవాడివి."

"ఆడాను."

"ఆయన మతిమరుపు మీద జోకులేసేవాడివి."

"వేశాను." కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆ ఆస్పత్రి గదిలో ఒక్క మాట, ఒకే ఒక్క మాట చాలేది. లోథార్ నాలుగు బూతులు తిట్టి ముక్కలు పంచేవాడు. అంత తేలిగ్గా పోయేదాన్ని తను మిత్రుడి చేత చావుదాకా మోయించాడు. "తిట్టవే తల్లీ. నీ నోటికొచ్చినట్టు తిట్టు."

"తిట్టే ఓపిక నాక్కూడా లేదు," అంది హైకె. పనిముట్లు సంచిలో వేసుకుని, తాడు ముడి విప్పి, ఆగింది. "రేపు ఏడింటికి షెడ్డుకి రా. పద్నాలుగు మంది ఉంటారు. ఇప్పుడు నాకు చెప్పిందంతా వాళ్ల ముందు చెప్పు, తడిగుడ్డతో సహా. కొత్త రాయి సిద్ధంగా ఉంది. దాని మీద నాన్న గుర్తు నువ్వే చెక్కాలి."

ఎగాన్ తన చేతులు చూసుకున్నాడు. కణుపులు ఉబ్బి వేళ్లు ఓ పక్కకి ఒరిగిపోయాయి. సీసా మూత తిప్పడమే కష్టం.

"ఉలి పట్టి పదమూడేళ్లయిందమ్మా. గీత వంకరపోతుంది."

"పోనీ. రాయి మారుస్తాను," అంది హైకె. "తిన్నగా వచ్చేదాకా చెక్కుతూనే ఉండు."