వెనక్కి అన్న మాట

అమారా ఊళ్లో ఖౌలా టీచరంటే తెలియని ఇల్లు లేదు. పొద్దున బడిలో ఆడపిల్లలకీ, సాయంత్రం ఇంట్లో కుర్రాళ్లకీ ఇంగ్లీషు చెప్పేది. విదేశీ సైన్యం ఊళ్లో దిగాక ఆ చదువుకి గిరాకీ పెరిగింది. ఆమె దగ్గర నేర్చుకున్న హాతిమ్ సైనికుల పక్కన నిలబడి వాళ్ల మాట ఊరివాళ్లకి, ఊరివాళ్ల మాట వాళ్లకి చెప్పే పనిలో చేరాడు. దాంతో ఊళ్లో సగం మంది వాడితో మాటలు మానేశారు. ఖౌలా మాత్రం ఎదురుపడితే పలకరించేది.

ఆమె తమ్ముడు రాద్‌ది చేపల బేరం. చిత్తడి నేలల్లో పట్టిన చేపల్ని పికప్‌లో వేసుకుని సంతకి తెచ్చేవాడు. అక్క ఎంత మొత్తుకున్నా వాడికి ఇంగ్లీషు ఒంటబట్టలేదు.

ఆ రోజు ఎండ ముదరకముందే వంతెన దగ్గర చెక్‌పోస్టులో వాణ్ణి ఆపారు. దిగమంటే దిగాడు. చేతులెత్తి రోడ్డు పక్కకి నడవమంటే నడిచాడు. జేబులు తడిమి చూశారు, ఏమీ లేదు. ఇంతలో బండి బానెట్ కిందనుంచి బుస్సుమని ఆవిరి లేచింది. రేడియేటర్ చాన్నాళ్లుగా కారుతోంది. అయ్యో బండి అనుకుంటూ రాద్ అటువైపు రెండడుగులు వేశాడు. సైనికులకది బాంబులా తోచింది. ఒకడు తుపాకీ ఎత్తి "గెట్ బ్యాక్" అని అరిచాడు. ఇసుక బస్తాల చాటున నక్కిన హాతిమ్ అదే మాటని ఊరివాళ్ల భాషలో "వెనక్కి, వెనక్కి" అని కేక పెట్టాడు.

బండి దగ్గరికి తిరిగి పొమ్మంటున్నారనుకున్నాడు రాద్. పరుగెత్తాడు. బానెట్ మీద చెయ్యి వేశాడో లేదో, తూటాలు వీపులోంచి దూరి ఛాతీలోంచి బయటికొచ్చాయి. ఆవిరి చల్లారేదాకా వాడి దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు. ఆ కాస్త సేపట్లోనే ప్రాణం పోయింది.

వెనక బండ్లలో ఉన్నవాళ్లు శవాన్ని ఇంటికి చేర్చారు. శవంతోపాటు ఒక మాట కూడా చేరింది. దుబాసీ వెనక్కి పిలిచాడట, పిలిచి కాల్పించాడట.

ముందుగదిలో దుప్పటి కప్పిన కొడుకు పక్కన కూర్చుని తల్లి గుండెలు బాదుకుంటోంది. మధ్యాహ్నానికి బాబాయ్ కొడుకు ఫాలిహ్, వాడి తమ్ముళ్లిద్దరూ హాతిమ్‌ని వాళ్లింట్లోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. వాకిట్లో పడేసి తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. పళ్లు రాలాయి. ఇంగ్లీషు రాసిన చెయ్యి ఇదేనా అంటూ ఫాలిహ్ వాడి కుడిచేతి వేళ్లని బూటుతో తొక్కి నలిపాడు. ఎముకలు విరిగిన చప్పుడు గదిలో ఉన్న ఆడవాళ్లకి కూడా వినబడింది.

ఖౌలా బయటికొచ్చింది. హాతిమ్‌ని చూడగానే ఆమె ఒళ్లు మండిపోయింది. చెప్పు తీసి మొహం మీద కొట్టింది, మళ్లీ కొట్టింది, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. వాడు అడ్డం పెట్టుకోలేదు.

"నువ్వే చెప్పక్కా" అన్నాడు ఫాలిహ్. "వీడు వెనక్కి రమ్మన్నాడు. ఆ సైనికుడు అసలేమన్నాడో వీడి చేత చెప్పించు. అబద్ధమాడితే ఇక్కడే పాతేస్తా."

ఆమె హాతిమ్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వాడు నెత్తురు ఉమ్మి, గెట్ బ్యాక్ అన్నాడు టీచర్, నేను వెనక్కి అన్నాను, రమ్మనలేదు, అంతకుమించి నా నోట ఏమీ రాలేదు అన్నాడు.

ఖౌలాకి అంతా అర్థమైంది. అర్థమవడం వల్ల కోపం తగ్గలేదు. ఆమె లేచి నిలబడింది. ఫాలిహ్ తమ్ముడొకడు హాతిమ్ ఛాతీ మీద కాలేసి ఉన్నాడు. ఇంకొకడు గేటు దగ్గర జనాన్ని ఆపుతున్నాడు. ఉన్నట్టుండి ఖౌలా "వెనక్కి" అని గట్టిగా అరిచింది. కాలేసినవాడు ఉలిక్కిపడి దూరం జరిగాడు. గేటు దగ్గరున్నవాడు తనని పిలుస్తోందనుకుని ఆమె వైపు నడిచి వచ్చాడు.

"చూశావా" అంది ఫాలిహ్‌తో. "నేనన్నది ఒకటే మాట. వాడు దూరం పోయాడు, వీడు దగ్గరికొచ్చాడు. వాళ్ల బ్యాక్ కూడా అంతేరా. కమ్ బ్యాక్ అంటే తిరిగి రావడం. గెట్ బ్యాక్ అంటే దూరం జరగడం, ఒక్కోసారి తిరిగి చేరడం కూడా. ముందు ఏ మాటుందో, మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూసుకుని తెలుసుకోవాలి. నా తమ్ముడికి చూసుకునే వ్యవధి ఇవ్వలేదు వాళ్లు. హాతిమ్ అబద్ధమాడలేదు."

"పాఠం బాగుందక్కా" అన్నాడు ఫాలిహ్. "రాద్ లేచొస్తాడా?"

తుపాకీ హాతిమ్ తలకి గురిపెట్టాడు. గుమ్మంలోంచి తల్లి, అడ్డం రాకే ఖౌలా, నా కొడుకు నెత్తురింకా ఆరలేదు అంది. ఖౌలా గొట్టం పట్టుకుని కిందికి లాగింది. తుపాకీ పేలింది. ఆమె అరచెయ్యి కాలింది. హాతిమ్ మోకాలు చిట్లి ఎముక బయటికి కనబడింది.

వాడి కేక విని జనం గేటు తోసుకుని లోపలికొచ్చారు. ఇంతమంది ముందు మళ్లీ కాల్చడానికి ఫాలిహ్‌కి చెయ్యి రాలేదు. ఖౌలా పైన వేసుకున్న తన నల్ల అబాయా విప్పి హాతిమ్ తొడకి బిగించి కట్టింది. పక్కింటి టాక్సీలో పడుకోబెట్టి తానూ ఎక్కింది. నువ్వు నా కడుపున పుట్టలేదు అని తల్లి వెనకనుంచి అరుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో కాలు మోకాలి పైదాకా తీసేశారు. సాయంత్రానికి వాడికి తెలివొచ్చింది. ఖౌలా మంచం పక్కనే కూర్చుని ఉంది, కాలిన చేతికి కట్టుతో.

"నేనేమనాల్సింది టీచర్?" అన్నాడు.

 ఆమె బడిలో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. "బండికి దూరంగా పో. అంతే, హాతిమ్. ఆ మాటంటే వాడు బతికేవాడు."

వాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె ఓదార్చలేదు.

ఇంటికి చేరేసరికి వాకిలి కడిగేసి ఉంది. రాద్ శవపేటికని కారు పైన కట్టుకుని, ఆమె కోసం ఆగకుండా, అందరూ దూరాన ఉన్న పుణ్యక్షేత్రం నజఫ్‌లోని శ్మశానానికి బయల్దేరి వెళ్లిపోయారు.